చుంచు పళ్లు, మళ్లీ

పద్మ: నమస్తే. ఈ వారం విషయం, మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని రకాల చుంచులున్నాయి. శీనన్నా, కానివ్వు. నీ పళ్ల లెక్క మాత్రం మళ్లీ ఎత్తొద్దు.

శీను: గోడవారగా కిచకిచమంటూ పరుగెత్తే ఇంటి చుంచు అందరికీ తెలిసిందే. ఎట్రస్కన్ చుంచు ఉంది, 2 గ్రాములకి అటూఇటూ. కడప, నెల్లూరు మధ్య కొండల్లో దొరికితే 1850లో పేరుపెట్టిన ట్రీ ష్రూని మాత్రం లెక్కలోంచి తీసేయాలి, పేరులో ష్రూ, అంటే చుంచు, ఉన్నా అది చుంచుల వర్గమే కాదు. ఇంతలో మార్కాపురం నుంచి ఒకాయన ఫొటో పంపారు. పిల్లి తెచ్చి గుమ్మంలో పడేసిన బుల్లి చుంచు. ఎట్రస్కనే అంటారాయన. పళ్లు లెక్కపెట్టారా అనడిగా.

పద్మ: వచ్చేశాం.

శీను: పై దవడలో కొక్కెంలాంటి పెద్ద పన్ను వెనక ఒంటిమొన పళ్లుంటాయి. చుంచుల్లో సన్కస్ అనే గుంపు అయితే ఒక్కోపక్క నాలుగు, క్రోసిడ్యూరా అనే గుంపు అయితే మూడు. ఫొటోలో అది కనపడదు.

పద్మ: అన్నా, ఇంటి చుంచూ సన్కసే, ఎట్రస్కనూ సన్కసే. రెంటికీ నాలుగే! అది ఇంటి చుంచు పిల్ల కాదని ఎలా తేలుతుంది?

శీను: కనీసం క్రోసిడ్యూరా కాదని తేలుతుందిగా.

పద్మ: ఆయన అడిగింది అది కాదు. తూచమనాలి. తల్లి వెనక గొలుసుకట్టుగా నడిచే వయసుకే ఇంటి చుంచు పిల్ల ఆ 2 గ్రాములు ఎప్పుడో దాటేస్తుంది. బంగారం కొట్టు త్రాసు చాలు.

శీను: రేపెవరైనా కాదంటే? పుర్రె ఉంటే మళ్లీ తీసి చూడొచ్చు. ఫొటో చూసి, ఏ చుంచు ఎక్కడుందో చూపే మ్యాపులో చుక్క పెట్టేస్తే ఇక ఆ చుక్కని ఎవరూ చెరపరు.

పద్మ: అందుకని చంపుదామా?

శీను: చంపమని ఎప్పుడన్నా అన్నానా నేను? గుడ్లగూబ కక్కిన ఉండలు ఏరమంటున్నా. చుంచుని అమాంతం మింగేస్తుంది, పుర్రె చాలాసార్లు పళ్లతో సహా బయటికొస్తుంది.

పద్మ: ఆ ఉండలేగా వదిన ఆవకాయ జాడీలో దాచావు.

శీను: ఆ టాపిక్ వద్దు.

పద్మ: సరే. కానీ గుడ్లగూబ ఏ పొలంలో పట్టిందో ఉండ చెప్పదుగా.

శీను: ఆ చుట్టుపక్కల ఉందని తేలితే నాకు చాలు.

పద్మ: ఇంతకీ ఆ మార్కాపురం చుంచు ఏమైంది?

శీను: పారేశారట.

పద్మ: అయ్యో.

శీను: పిల్లి చంపుతుంది, కంపుకి తినదు. ఒళ్లు చెక్కుచెదరకుండా దొరికిందమ్మా! పళ్లన్నీ ఉండుంటాయి...

పద్మ: ఫొటోలో కొలతకి పక్కన ఏమైనా ఉందా?

శీను: చెప్పు ఉంది.

పద్మ: పెద్దవాళ్లదా, పిల్లలదా?

శీను: అదే అడిగా. ఇంకా జవాబు రాలేదు.