గ్రబ్ రివ్యూ: సొంతంగా కట్టుకున్న లినక్స్ బూట్ కానప్పుడు

అందరికీ నమస్కారం. స్క్రీన్ మీద చివరి లైన్ చూడండి. ‘కెర్నల్ ప్యానిక్... అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)’. అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్, డిస్కులో సిస్టమ్ ఉన్న భాగాన్ని (పార్టిషన్‌ని) తెరవలేక, అంటే మౌంట్ చేయలేక, ఆగిపోయింది. లినక్స్‌ని మొదటి నుంచి సొంతంగా కట్టుకోవడం నేర్పే ‘లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ (ఎల్‌ఎఫ్‌ఎస్) పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కో ప్యాకేజీ సోర్స్ నుంచి కంపైల్ చేసుకుంటూ వచ్చి, మొదటిసారి రీబూట్ కొడితే నాకు కనబడింది ఇదే. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. దయచేసి వదలకండి. ఏం తప్పు జరిగిందో ఈ స్క్రీన్ మీదే రాసి ఉంటుంది.

ఈరోజు రివ్యూ చేస్తున్నది గ్రబ్ 2, అంటే కంప్యూటర్ ఆన్ చేశాక కెర్నల్‌ని మెమరీలోకి ఎక్కించే బూట్‌లోడర్. ఉబుంటులోనో ఫెడోరాలోనో అది ఎలా ఉందని కాదు, అక్కడ దాని జోలికి మనం పెద్దగా వెళ్లం. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కావాల్సిన డ్రైవర్లు, టూల్స్ ఉండే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) లేని సిస్టమ్‌లో, కాన్ఫిగ్ ఫైల్ మన చేత్తో మనమే రాసుకున్నప్పుడు, తేడా వస్తే ఇది మనల్ని ఎంతవరకు ఆదుకుంటుందో చూద్దాం.

ముందు ఒక చిక్కు విప్పాలి. ఆ ఫైల్లో రూట్ అనే మాట రెండు చోట్ల వస్తుంది. పైన ‘సెట్ రూట్’ అని రాసేది గ్రబ్ కోసం, అంటే కెర్నల్ ఫైల్ ఏ పార్టిషన్‌లో ఉందో చెప్పడానికి. కింద ‘లినక్స్’ లైన్‌లో రాసే రూట్ కెర్నల్ కోసం, అంటే సిస్టమ్ మొత్తం ఏ పార్టిషన్‌లో ఉందో చెప్పడానికి. బూట్‌కి విడిగా పార్టిషన్ పెట్టుకుంటే ఈ రెండూ వేరువేరు. అప్పుడు కెర్నల్ పాత్‌లో ముందున్న ‘/బూట్’ కూడా తీసేయాలి. ఇంకోటి, గ్రబ్ డిస్కుల్ని 0 నుంచి లెక్కపెడుతుంది, పార్టిషన్లని మాత్రం 1 నుంచి. మొదటి డిస్కులో రెండో పార్టిషన్ అంటే హెచ్‌డీ0,జీపీటీ2.

సరే, ప్యానిక్ దగ్గరికి వద్దాం. ఈ మెసేజ్ ఇస్తున్నది గ్రబ్ కాదు, కెర్నల్. అంటే గ్రబ్ కెర్నల్‌ని వెతికి, మెమరీలోకి ఎక్కించి, పగ్గాలు ఇచ్చేసింది. నేనిది గమనించకుండా ఒక పూటంతా గ్రబ్‌ని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చున్నాను. చివర బ్రాకెట్లో 0,0 ఉంటే కెర్నల్‌కి ఆ డిస్కే దొరకలేదని అర్థం. 8,2 లాంటి అంకెలుంటే డిస్కు దొరికింది, కానీ మౌంట్ చేయలేకపోయింది. అలాంటప్పుడు ముందు చూడాల్సింది ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ సపోర్ట్ కెర్నల్‌లో ఉందా లేదా అని.

ఇంకొంచెం పైకి చూడండి, జూమ్ చేస్తున్నా. ‘హియర్ ఆర్ ది అవైలబుల్ పార్టిషన్స్’ అని ఒక జాబితా ఇస్తుంది. నా మెషీన్‌లో ఒక సాటా డిస్కు, సిస్టమ్ కట్టుకున్న ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. జాబితాలో సాటా పార్టిషన్లే ఉన్నాయి, ఎన్‌వీఎంఈ ఊసే లేదు. కారణం తెలిసిపోయింది: ఎన్‌వీఎంఈ డ్రైవర్‌ని కెర్నల్ కాన్ఫిగ్‌లో ‘ఎమ్’ పెట్టి మాడ్యూల్‌గా, అంటే కెర్నల్‌కి బయట విడి ఫైల్‌గా, కట్టాను. ఆ మాడ్యూల్ ఉండేదేమో ఎన్‌వీఎంఈ లోపలే. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు తాళం వేసినట్టే. యూఎస్‌బీ లైవ్ లినక్స్‌తో బూట్ చేసి, క్రూట్ కమాండ్‌తో నా సిస్టమ్ లోపలికి వెళ్లి, దాన్ని ‘వై’గా (కెర్నల్‌లోనే కలిసిపోయేలా) మార్చి కెర్నల్ మళ్లీ కట్టాను.

రీబూట్ చేశాను. మళ్లీ 0,0! కాకపోతే ఈసారి జాబితాలో ఎన్‌వీఎంఈ వచ్చింది. అంటే ఇక తప్పు నేను రాసిన చిరునామాలోనే ఉంది. ఉబుంటులో చూసిన అలవాటుతో రూట్ ఈక్వల్స్ యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) అని రాశాను. అక్కడ ఆ యూయూఐడీని వెతికిపెట్టేది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. అది లేకపోతే కెర్నల్‌కి ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ అర్థం కాదు, ఈ రెండింటిలో పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) మాత్రమే అర్థమవుతుంది. బ్లక్‌ఐడీ కమాండ్ రెండింటినీ ఒకే లైన్‌లో చూపిస్తుంది కాబట్టి కాపీ చేసేటప్పుడు జాగ్రత్త. గ్రబ్ వైపు మాత్రం ‘సెర్చ్’ కమాండ్‌కి ఫైల్‌సిస్టమ్ యూయూఐడీనే ఇవ్వండి. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు హెచ్‌డీ0 కాస్తా హెచ్‌డీ1 అయిపోయినా ఇబ్బంది ఉండదు.

గ్రబ్ మీద నాకున్న ఫిర్యాదు ఒకటి చెప్పాలి. 2023లో ఎక్స్‌టీ4ని ఫార్మాట్ చేసే టూల్స్ ఉన్న ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ 1.47 వచ్చాక, కొత్తగా ఫార్మాట్ చేసే ఎక్స్‌టీ4లో మెటాడేటా చెక్‌సమ్ సీడ్ అనే ఫీచర్ డీఫాల్ట్ అయింది. గ్రబ్ 2.06కి అది తెలియదు. ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్’ అని రెస్క్యూ ప్రాంప్ట్‌లో నిలబెట్టేస్తుంది, కారణం ఒక్క ముక్క కూడా చెప్పదు. 2023 డిసెంబర్‌లో వచ్చిన 2.12తో ఆ బాధ పోయింది. కొత్తగా కడుతుంటే అదో, అంతకంటే కొత్తదో తీసుకోండి. కాన్ఫిగ్ ఫైల్‌ని తనంతట తానే రాసే గ్రబ్-ఎమ్‌కేకాన్ఫిగ్ జోలికి మాత్రం వెళ్లకండి, మీరు చేత్తో రాసుకున్నదంతా తుడిచేస్తుంది. ఎల్‌ఎఫ్‌ఎస్ పుస్తకం కూడా దాన్ని వద్దనే అంటుంది.

సిస్టమ్‌డీ-బూట్ అనే ఇంకో బూట్‌లోడర్ ఎందుకు కాదు అని కామెంట్లలో అడుగుతారు. చిన్నది, శుభ్రంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) ఉన్న మెషీన్లలోనే పనిచేస్తుంది. పైగా గ్రబ్‌లో ‘సీ’ నొక్కి, ‘ఎల్‌ఎస్’ కొట్టి ఎక్స్‌టీ4 పార్టిషన్ లోపలికి తొంగిచూసి కెర్నల్ ఫైల్ ఉందో లేదో తేల్చుకోవచ్చు. సిస్టమ్‌డీ-బూట్‌లో ఆ వీలు లేదు. మొదటిసారి కట్టేవాళ్లకి ఆ వీలే ప్రాణం. నా ఓటు గ్రబ్‌కే.

ఇప్పుడు నా రెండో ప్యానిక్ మీ ముందే సరిచేస్తా. జాబితాలో ప్రతి పార్టిషన్ పక్కన ఆ పొడవాటి అక్షరాలు కనిపిస్తున్నాయా? అవే పార్ట్‌యూయూఐడీలు. ఫోన్‌తో ఫోటో తీసుకున్నా. రీస్టార్ట్. మెనూ రాగానే ‘ఈ’ నొక్కుతున్నా. లినక్స్ లైన్‌కి వెళ్లి, యూయూఐడీ ముక్క తీసేసి, రూట్ ఈక్వల్స్ పార్ట్‌యూయూఐడీ ఈక్వల్స్ అని పెట్టి, ఫోటో చూసి ఒక్కో అక్షరం కొడుతున్నా. మధ్యలో గీతలు కూడా వదలకూడదు. ఎఫ్10.

వచ్చింది, లాగిన్ ప్రాంప్ట్. మెనూలో మార్చింది ఈ ఒక్క బూట్‌కే పనికొస్తుంది కాబట్టి, లాగిన్ అవగానే గ్రబ్ కాన్ఫిగ్ ఫైల్ తెరిచి అదే లైన్ అందులోనూ మార్చేస్తున్నా.