పాత డీవీడీలు పారేసి 4కె డిస్కులు కొనాలా? | నల్లగొండ ఇంటి వ్లాగ్

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈసారి డాలస్ నుంచి కాదు, నల్లగొండలో మా అమ్మవాళ్లింటి నుంచి మాట్లాడుతున్నా. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు, అవన్నీ తర్వాత చూపిస్తా. ముందు ఈ బీరువా చూడండి. కింది అర మొత్తం మా బాపు, అంటే మా నాన్న, కొన్న డిస్కులే. వెనక వరసలో వీసీడీలు, ముందు డీవీడీలు, పక్కన కవర్లలో పెళ్లిళ్లు, పుట్టినరోజులు, పండగల డిస్కులు.

తమ్ముడు కొత్తగా 55 అంగుళాల 4కె టీవీ కొన్నాడు. “అక్కా, గివన్నీ తీసేద్దాం. 4కె ప్లేయర్ కొని మంచి సినిమాలు మళ్ల కొనుక్కుందాం” అంటున్నాడు. బాపుకి అది నచ్చట్లేదు. “పైసలు పెట్టి కొన్నయి బిడ్డా, మంచిగ ఆడుతుంటే ఎందుకు తీసేసుడు?” అంటాడు. మా డాలస్ ఇంట్లో 4కె డిస్క్ ప్లేయర్ ఉంది కాబట్టి తీర్పు నన్నే చెప్పమన్నారు.

నా మాట ముందే చెప్పేస్తా. ప్లేయర్ మార్చండి, డిస్కులన్నీ మార్చకండి. ఈ రెండిటికన్నా ముందు, మళ్లీ ఎక్కడా కొనలేని డిస్కుల సంగతి చూడండి.

తమ్ముడి బాధ అబద్ధం కాదు. కొత్త టీవీలో పాత డీవీడీ పెడితే నిజంగానే మసకగా ఉంది. మన దగ్గర డీవీడీలో ఒక్కో బొమ్మకి 720 అడ్డం, 576 నిలువు చుక్కలుంటాయి. అంటే సుమారు 4 లక్షల 15 వేలు. 4కె టీవీలో 83 లక్షలు. ఇరవై చుక్కల్లో డిస్కు ఇచ్చేది ఒక్కటే, మిగతా పంతొమ్మిదీ టీవీ తన లెక్కతో నింపుకోవాలి. డీవీడీకీ 4కె కీ మధ్యలో వచ్చిన బ్లూరే డిస్కులో 20 లక్షల 70 వేలు ఉంటాయి. వీసీడీ సంగతి ఇక చెప్పక్కర్లేదు, 352 అడ్డం, 288 నిలువు, అంతే.

అయితే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా బాగయ్యేవి రెండున్నాయి, ముందు అవి చేశాం. బాపు డీవీడీ ప్లేయర్‌ని టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరుతో కలిపాడు. ఆ పసుపు వైరులో రంగూ వెలుగూ కలిసిపోయి వస్తాయి, అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ప్లేయర్ వెనక హెచ్‌డీఎంఐ ఉంది, ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. ఆ వైరు పెట్టగానే అక్షరాల అంచులు తేలాయి. రెండోది, పాత వీడియోలు 4:3 కొలతలో తీసినవి. టీవీ వాటిని అడ్డంగా సాగదీసి మనుషులందరినీ లావుగా చూపిస్తోంది. సెట్టింగ్స్‌లో 4:3 అని పెడితే పక్కన నల్ల పట్టీలు వస్తాయి, మనుషులు మాత్రం ఉన్నట్టు ఉంటారు. “ఇప్పుడు మీ అత్త మీ అత్త లెక్కనే ఉంది” అన్నాడు బాపు.

ఇప్పుడు అసలు ప్రశ్న, 4కె డిస్కు. టేపు తెచ్చి కొలిచాం. బాపు కూర్చునే దివాన్ టీవీకి పది అడుగుల దూరంలో ఉంది. మామూలు కంటిచూపు ఉన్నవాళ్లకి 55 అంగుళాల టీవీలో దాదాపు ఏడు అడుగులు దాటాక బ్లూరేకీ 4కె కీ చుక్కల తేడా తెలియదు. డీవీడీకీ బ్లూరేకీ తేడా మాత్రం పది అడుగుల నుంచి కూడా బాగా తెలుస్తుంది. కాబట్టి ఈ హాలుకి పెద్ద మెట్టు డీవీడీ నుంచి బ్లూరేకి ఎక్కడమే.

మరి 4కె డిస్కులో ఏమీ లేదా అంటే, ఉంది. హెచ్‌డీఆర్. దీపం వెలుగు దీపంలా, చీకట్లో చీర రంగు ఆ రంగులానే కనిపించడం దాని వల్లే, దూరంతో సంబంధం లేదు. కాకపోతే టీవీలో ఆ వెలుగు ఇచ్చే సత్తా ఉండాలి. తక్కువ ధర టీవీల డబ్బా మీద కూడా హెచ్‌డీఆర్ అని రాస్తారు, ఆ సిగ్నల్ తీసుకుంటాయి కూడా, కానీ తెర వెలుగు చాలదు. తమ్ముడు కొన్నది అలాంటిదే. ఈ టీవీ ఉన్నంతకాలం 4కె డిస్కుకి పెట్టే అదనపు డబ్బు ఎక్కువగా డబ్బా మీదే కనిపిస్తుంది, తెర మీద కాదు. వాడి ముఖం మీదే ఈ మాట చెప్పాను, కొంచెం అలిగాడు.

ఇంకోటి కూడా చూసుకోండి. డిజిటల్‌గా ఎడిటింగ్ మొదలయ్యాక చాలా ఏళ్లపాటు సినిమాల ఆఖరి కాపీ 2కె లోనే, అంటే దాదాపు బ్లూరే అంత వివరంతోనే తయారయ్యేది. అలాంటి సినిమా 4కె డిస్కు అంటే చాలాసార్లు ఆ 2కె నే పెద్దది చేసిందే. 35 ఎంఎం ఫిల్మ్ నెగెటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేసినది అయితే ఆ డిస్కు మీద డబ్బు పెట్టొచ్చు, అదో పండగే. కొనేముందు ఆ సినిమా దేన్నుంచి తయారైందో వెతికి చూడండి.

“ఓటీటీ ఉండగా డిస్కు ఎందుకు?” అని మీలో చాలామంది అడుగుతారు. రోజూ చూసేవాటికి ఓటీటీయే చాలు, నేనూ అలాగే చూస్తా. కానీ ఓటీటీలో 4కె సాధారణంగా సెకనుకి 15 నుంచి 25 మెగాబిట్ల మధ్య వస్తుంది. 4కె డిస్కు వంద దాటి కూడా ఇవ్వగలదు. వాన, పొగ, జనం గుంపు ఉన్న సీన్లలో, ముఖ్యంగా శబ్దంలో ఆ తేడా తెలుస్తుంది. పైగా ఈ నెల ఉన్న సినిమా వచ్చే నెల ఓటీటీలో ఉండకపోవచ్చు. మీరు పదేపదే చూసే సినిమాలు ఓ పది ఉంటాయి కదా, అవి డిస్కు మీద కొనుక్కోండి. ఒకసారి చూసి మర్చిపోయేవాటికి వద్దు.

కొనాలనుకున్నవాళ్లు ఎక్కువ ఏళ్లు ఆగడం కూడా మంచిది కాదు. 2006లో డీవీడీ స్థానం కోసం బ్లూరే, హెచ్‌డీ డీవీడీ అనే రెండు రకాల డిస్కులు పోటీ పడ్డాయి. 2008 ఫిబ్రవరిలో తోషిబా హెచ్‌డీ డీవీడీని వదిలేసింది, అది కొన్నవాళ్లు ఇరుక్కుపోయారు. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. 2016లో వచ్చిన 4కె బ్లూరేకి, అంటే మనం 4కె డిస్కు అంటున్నదానికి, పోటీగా మరో డిస్కు రాలేదు. భయం వేరే వైపు ఉంది, తయారుచేసేవాళ్లు తగ్గిపోతున్నారు. శాంసంగ్ 2019లో అమెరికాలో కొత్త ప్లేయర్లు తేవడం ఆపేసింది. 2024లో ఎల్‌జీ కూడా తప్పుకుంది. అదే ఏడాది అమెరికాలో పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులైన బెస్ట్ బై వాటిల్లో సినిమా డిస్కులు అమ్మడం మానేశారు. మేం కొత్తగా వెళ్లినప్పుడు ఇండియన్ గ్రాసరీ షాపుల్లో కూరగాయల పక్కనే తెలుగు డీవీడీలు అద్దెకిచ్చేవాళ్లు, ఆ అరల్లో ఇప్పుడు స్నాక్స్ ఉన్నాయి. అందుకే ప్లేయర్ దొరుకుతున్నప్పుడే ఒక మంచిది కొని పెట్టుకోండి అంటున్నా. 4కె ప్లేయర్‌లో బ్లూరే, డీవీడీ రెండూ ఆడతాయి. బ్లూరే ప్లేయర్‌లో మాత్రం 4కె డిస్కు ఆడదు.

ఎన్నారైలు ఇది బాగా వినండి. అమ్మానాన్నల కోసం అమెరికా నుంచి ప్లేయర్ మోసుకురాకండి. డిస్కులకీ ప్లేయర్లకీ రీజియన్ అని ప్రాంతాన్ని బట్టి ఒక కోడ్ ఉంటుంది, అది కలవకపోతే డిస్కు ఆడదు. అక్కడి డీవీడీ రీజియన్ 1, ఇండియాది 5. బ్లూరేకి అక్కడ ఎ, ఇక్కడ సి. 4కె డిస్కులకి రీజియన్ గొడవ లేదు గానీ అదే డబ్బాలో ఇచ్చే బ్లూరేకి ఉండొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, మన ఊరి స్టూడియోవాళ్లు చేసిన డిస్కులు పాల్ అనే ఇక్కడి టీవీ పద్ధతిలో, సెకనుకి 25 బొమ్మల లెక్కన ఉంటాయి. అమెరికాలో అమ్మే చాలా ప్లేయర్లు వాటిని ఆడవు. ఇంట్లో ఉన్న పెళ్లి డిస్కే ఆడని ప్లేయర్ అమ్మానాన్నలకి ఎందుకు? కొంటే ఇండియాలోనే కొనండి.

ఇప్పుడు నా మనసుకి దగ్గరైన డిస్కు చూపిస్తా. ట్యూబ్‌లైట్ కింద పెడుతున్నా, దగ్గరగా చూడండి. షాపులో కొన్న సినిమా డిస్కు అడుగు వెండిలా ఉంది. దీని అడుగు ఊదా రంగు. ఇది కంప్యూటర్ డీవీడీ రైటర్‌లో రాసిన డిస్కు. సినిమా డిస్కులో గుంటలు అచ్చుపోసి ఉంటాయి, ఇందులో రంగు పొరని లేజర్ కాల్చి రాస్తుంది. ఆ రంగు ఎండకీ వేడికీ చెడుతుంది. మన నల్లగొండ ఎండలు తెలిసినవే కదా, మేలో ఈ ఇనుప బీరువా ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

ఈ డిస్కులో 2007 సద్దుల బతుకమ్మ ఉంది, మా అమ్మమ్మ ఊరి చెరువు దగ్గర తీసింది. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలు మధ్యలో పెట్టి మా పెద్దమ్మ పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఇప్పుడు ఊళ్లో ఆ పాట మొదటి చరణాలు తప్ప ఎవరికీ రావు. వీడియో తీసిన అన్నని కలిసి టేపు ఉందా అని అడిగితే, “టేపులు మళ్ల మళ్ల వాడేటోళ్లం చెల్లె, యాడుంటయి” అన్నాడు. అంటే ఈ ఒక్క డిస్కే.

అది కూడా సరిగ్గా ఆ పాట దగ్గరే ఆగిపోతోంది. డీవీడీ మీద రాత మధ్యలో మొదలై అంచుకి పోతుంది. వీడియో చివరి భాగం అంచు దగ్గర ఉంటుంది, మనం వేళ్లు పెట్టేదీ అక్కడే. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచాను, గుండ్రంగా తుడవకూడదు. తమ్ముడి పాత ల్యాప్‌టాప్ చదవలేదు. క్లాక్ టవర్ సెంటర్ వైపు పోయి చిన్న యూఎస్‌బీ డ్రైవ్ తెచ్చాం, అది మెల్లగా చదివింది. పాట చివరిదాకా వచ్చింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి నిలబడి తనూ అందుకుంది.

డ్రైవ్ కొన్న చోటే “పాత డీవీడీని 4కె చేసిస్తాం” అనే బోర్డు కనిపించింది. వద్దండీ. డిస్కులో లేని వివరం పెద్దది చేస్తే రాదు, పైగా కొందరు ముఖాలు నునుపు చేసేస్తారు. వీహెచ్ఎస్ టేపు గానీ, కెమెరా టేపు గానీ మీ దగ్గర ఉంటే దాన్నుంచే మళ్లీ కాపీ తీయించండి. డిస్కు మాత్రమే ఉంటే అందులో వీడియో అంతా ఉండే వీడియో_టీఎస్ (VIDEO_TS) ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయండి, సైజు తగ్గించకండి. మామూలు డీవీడీ నిండా ఉన్నా 4.7 జీబీయే. ఒక కాపీ ఇక్కడ హార్డ్‌డిస్క్‌లో, ఇంకోటి నాతో డాలస్‌కి, మూడోది క్లౌడ్‌లో పెడుతున్నా. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి.

తమ్ముడూ బాపూ ఒప్పుకున్నది ఇదీ. సినిమా డీవీడీలు బీరువాలోనే ఉంటాయి. పాత డీవీడీ ప్లేయర్ పాడయ్యాక దాని స్థానంలో ఇక్కడే బ్లూరే ప్లేయర్ కొంటారు. 4కె ప్లేయర్ మాట తమ్ముడు మంచి హెచ్‌డీఆర్ టీవీ కొన్న రోజు చూసుకుంటాడు. ఊదా రంగు డిస్కులన్నీ రేపటి నుంచి వరసగా కాపీ చేస్తున్నాం, చిన్నమ్మవాళ్లు మిర్యాలగూడ నుంచి వాళ్లవి కూడా పట్టుకొస్తున్నారు.