సరుకు దించాక మంచం దించుకునే వ్యాను

శ్రోతలకు నమస్కారం.

కోటప్పకొండ తిరునాళ్లలో కొట్టు పెట్టేవాళ్లు, పెళ్లిళ్లకు మైకుసెట్లు తీసుకెళ్లేవాళ్లు, తేనెటీగల పెట్టెలు తోట నుంచి తోటకు తిప్పేవాళ్లు, మిర్చియార్డు దగ్గర దిగుమతి కోసం రాత్రంతా కాచుకునేవాళ్లు. వీళ్లందరిదీ ఒకటే అవసరం. పగలు సరుకు మోయాలి, రాత్రి అదే బండిలో నడుం వాల్చాలి. వాడిన కార్గో వ్యాను ఒకటి కొని ఈ రెండు పనులకూ ఎలా అమర్చుకోవాలో ఈ పూట చెప్పుకుందాం. లోపల పదడుగుల పొడవు, ఐదడుగుల పైచిలుకు వెడల్పు ఉన్న బండిని అనుకుని కొలతలు చెబుతున్నాం. మారుతి ఈకో లాంటి చిన్న బండి అయితే పడుకునే చోటు మీ ఎత్తుకు చాలుతుందో లేదో కొనకముందే టేపు పెట్టి చూసుకోండి.

అన్నిటికంటే ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. లోపల పెట్టే ప్రతి వస్తువూ పది నిమిషాల్లో విప్పి బయట పెట్టగలిగేలా ఉండాలి. వెల్డింగు వద్దు, బాడీకి కోతలు వద్దు. సరుకుకు చోటు కావాలన్నది ఒక కారణమైతే, చట్టం రెండో కారణం. ఆర్సీలో రాసిన వివరాలు తయారీదారు ఇచ్చినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. టాపు ఎత్తించినా, కిటికీలు కోయించినా, వెనక సీట్లు వేయించినా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర ఆగిపోతారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు పడతారు. రవాణా బండికి ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ తప్పదు. మడిచి పక్కన పెట్టే మంచం, పెట్టెలో ఉన్న బ్యాటరీ, నీళ్ల టిన్ను సామానే కాబట్టి ఆ రోజు దించేసి వెళ్లొచ్చు. బండి కదులుతున్నంతసేపూ మనుషులు ముందు సీట్లలోనే కూర్చోవాలి. వెనక పడుకుని ప్రయాణం చేయకూడదు.

ఇక బండి ఎంపిక. ఇంజన్ మోత వినడం కంటే ముందు ఆ బండి ఇన్నాళ్లూ ఏం మోసిందో అడగండి. మన వైపు ఇది చాలా ముఖ్యం. రొయ్యలు, చేపలు మోసిన బండిలో ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఫ్లోరు అతుకుల్లోకి దిగి ఉంటాయి. పైన రంగు మెరుస్తున్నా కింద రేకు తినేసి ఉంటుంది. మ్యాటు పూర్తిగా ఎత్తించి, చక్రం గూళ్ల చుట్టూ, వెనక తలుపుల అడుగు అంచున, ఛాసిస్‌కు ఫ్లోరు కలిసే చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. మొన దిగబడితే ఆ బండి వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు మోసిన బండికి తుప్పు తక్కువే కానీ ఘాటు ఎక్కువ. పాత చెక్క ఫ్లోరు కారాన్ని పీల్చుకుని ఉంటుంది, ఎండకు వేడెక్కిన ప్రతిసారీ వదులుతుంది. అలాంటి బండి తీసుకోవచ్చు, కానీ ఆ చెక్క పారేయాలి. రేకును వ్యాక్యూమ్ పెట్టి, తర్వాత సబ్బునీళ్ల తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఆ పని మొదలుపెట్టొద్దు.

మూడోది మునిగిన బండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు బళ్లూ నీళ్లలో నానాయి. వాటిలో కొన్ని శుభ్రం చేసి అమ్మకానికి పెట్టినవి అయ్యుండొచ్చు. సీటు బెల్టును చివరి వరకు లాగి చూడండి. బురద చార కనిపిస్తే అనుమానించాల్సిందే. డ్యాష్‌బోర్డు కింద చేయి పెట్టి వైరింగు కనెక్టర్లు చూడండి, రాగి పచ్చబడి ఉంటే నీళ్లు అంతెత్తు వచ్చాయన్నమాట. అలాంటి బండిలో కరెంటు రోగాలు ఒకదాని తర్వాత ఒకటి ఏళ్ల తరబడి బయటపడతాయి.

కాగితాల్లో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోవాలి. ఫైనాన్సు ఉంటే అప్పు తీరిందని ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. బండి పేరు మార్పుకు వేసే 29, 30 ఫారాల మీద సంతకాలు అప్పుడే చేయించుకోండి. సీఎన్‌జీ బండి అయితే సిలిండరుకు మూడేళ్లకోసారి చేయించే పరీక్ష తేదీ ప్లేటు మీద చూడండి.

ఫ్లోరుకు వైరు బ్రష్షు కొట్టి, తుప్పు ఉన్నచోట గీకి, ఎపాక్సీ ప్రైమరు, పైన ఎనామిల్ వేయించాలి. నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం మూయనివ్వొద్దు. ఆరాక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరచాలి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి. మామూలు ప్లై ఒక్క వానాకాలంలోనే పొరలు విడిపోతుంది. కోసిన అంచులకు వార్నిషు రెండు పూతలు పడాలి, నీళ్లు ముందు చేరేది అక్కడే. ఈ పనులన్నీ విజయవాడ ఆటోనగర్‌లోనే అవుతాయి. లారీ బాడీలు కట్టేవాళ్లకు ఇది చిన్న పని.

చలిదేశాల వ్యాన్లలో వెచ్చదనం కోసం తంటాలు పడతారు. బెజవాడ ఎండలో మన తంటా అంతా టాపుతోనే. మే నెలలో సాయంత్రం ఏడింటికి కూడా ఆ రేకు కింద కూర్చోలేం. అందుకే ఉన్న డబ్బులో ఎక్కువ భాగం టాపు మీద, గాలి మీద పెట్టమంటాం. ఏసీ డక్టులకు చుట్టే నల్ల నైట్రైల్ రబ్బరు షీటు, 13 మిల్లీమీటర్లది, సుమారు 60 చదరపు అడుగులు పడుతుంది. రేకును థిన్నరుతో తుడిచి, టాపు అడ్డకమ్ముల (రిబ్బుల) మధ్య కొలతకు కోసి అతికించాలి. మామూలు గమ్ము టాపు వేడికి మెత్తబడి షీటు వేలాడుతుంది. వేడి తట్టుకునే గమ్మే అడిగి తెచ్చుకోండి. దాని కింద 4 మిల్లీమీటర్ల ప్లైని రిబ్బులకు బిగిస్తే షీటు జారదు. ఆ స్క్రూలు అర అంగుళానికి మించితే టాపు చిల్లు పడి తొలి వానకే కారుతుంది. విప్పకుండా ఉంచేది ఈ లైనింగు ఒక్కటే.

వెండిరేకు షీటును నేరుగా టాపుకు అంటించి లాభం లేదు. వెండిరేకు వేడిని వెనక్కి కొట్టాలంటే దాని ముందు అంగుళం గాలి ఖాళీ ఉండాలి. రేకుకు అంటుకుని ఉంటే వేడిని నేరుగా లోపలికి దించేస్తుంది. గ్లాస్‌వుల్ తేమ పట్టి కుదుపులకు కిందికి జారుతుంది. థర్మోకోల్ నిప్పుకు అంటుకుంటుంది. రెండూ వద్దు.

గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు నుంచి పోవాలి. ఒక వెనక తలుపును నాలుగంగుళాలు తెరిచి, ఇనుప పట్టీ కొక్కెంతో లోపలి నుంచి తాళం వేసుకునే ఏర్పాటు చేయించండి. ఆ సందుకు సరిపడా అల్యూమినియం ఫ్రేములో దోమల మెష్ పెట్టి, పై భాగాన ఆరంగుళాల 12 వోల్టుల ఫ్యాను గాలి బయటికి తోసేలా బిగించాలి. ముందు కిటికీలు రెండంగుళాలు దించి వాటికీ మెష్ కట్టాలి. డ్రైవరు వెనక గ్రిల్లు ఉంటే గాలి అలాగే వస్తుంది. ఆ గ్రిల్లును మాత్రం చోటు కోసం తీసేయొద్దు. సడన్ బ్రేకు వేసినప్పుడు సరుకు మీ వీపు మీదికి రాకుండా ఆపేది అదే.

మంచానికి ప్లై బల్ల, పైన నాలుగంగుళాల ఫోము అంటారు చాలామంది. మన ఉక్కలో ఆ ఫోము మీద వీపు ఉడుకుతుంది. నవ్వారు మంచమే మేలు. అంగుళం చదరపు పైపు, 16 గేజీది, ఆరడుగుల రెండంగుళాల పొడవు, రెండడుగుల మూడంగుళాల వెడల్పు, మడిచే కాళ్లు. అంతకంటే పల్చనైన 18 గేజీ అయితే నవ్వారు బిగువుకు పొడవు పైపులు లోపలికి వంగుతాయి. కాళ్లవైపు అడుగు ఖాళీ వదిలి తాడుతో లాగి కట్టండి, వదులైనప్పుడల్లా బిగించుకోవచ్చు. ఎత్తు 15 అంగుళాలుంటే చక్రం గూళ్ల మీదుగా పోతుంది, కింద సంచులు పడతాయి. ఇద్దరికి రెండు మంచాలు. పగలు గోడకు నిలబెట్టి, ఒక్కోదానికి లాగి బిగించే రాచెట్ బెల్టులు రెండేసి వేస్తే ఫ్లోరంతా సరుకుకే. ఖాళీ బండికి స్ప్రింగు పట్టీలు లేచి వెనక భాగం కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి తల వెనక తలుపు వైపు పెట్టుకోండి.

కరెంటుకు ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ తెచ్చి పెట్టకండి. అది 50 కిలోలకు పైనే తూగుతుంది, చార్జయ్యేటప్పుడు మండే వాయువు వదులుతుంది. పడుకునే గదిలో దానికి చోటు లేదు. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ పన్నెండు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, దాదాపు 1,280 వాట్ అవర్లు ఇస్తుంది. 25 వాట్ల ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలకు 400, వెనక ఫ్యానుకు 80, లైట్లకు, ఫోన్లకు 80. రాత్రికి 560, అంటే రెండు రాత్రులు నడుస్తుంది. ఏసీ ఆలోచన మానుకోండి, టన్ను ఏసీ గంటా గంటన్నరలో దాన్ని ఖాళీ చేస్తుంది.

బండి బ్యాటరీకి దీన్ని నేరుగా కలిపితే లిథియం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి, ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటరును మాడ్చేస్తుంది. మధ్యలో ఆ కరెంటును హద్దులో ఉంచే 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జరు ఉండాలి. విజయవాడ నుంచి ఒంగోలు చేరేలోగా ఒక రాత్రి ఖర్చు తిరిగి నిండుతుంది. చార్జరుకు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, రెండు బ్యాటరీల దగ్గరా జానెడు దూరంలోపు 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు దూరంగా ఉంటే దానికీ బ్యాటరీకీ మధ్య వైరు రేకుకు రాసుకున్నప్పుడు ఆపేది ఏదీ ఉండదు. రేకులోంచి వైరు దాటే ప్రతిచోటా వైరు కోసుకోకుండా రబ్బరు రింగు (గ్రొమెట్) వేయాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఎండకు జిగురు కారి ఊడిపోతుంది, వైరు చివర తొడిగే లగ్గులు నొక్కించి (క్రింపు) బిగించండి.

నీళ్లకు 20 లీటర్ల టిన్నులు రెండు, బెల్టుతో కట్టి. వంట బయటే. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే మంచం కింద పేరుకుంటుంది. తలుపు పక్కన మంటలార్పే రెండు కిలోల ఏబీసీ పౌడరు సిలిండరు ఉంచండి. ఇంజన్ ఆన్ చేసి ఏసీ వేసుకుని నిద్రపోవడం మాత్రం ఎన్నడూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇలా చేరే బరువు మొత్తం దాదాపు 150 కిలోలు, మూడు మిర్చి టిక్కీలకు పైమాటే. అంతమేరకు సరుకు తగ్గించుకోవాలి. అమరికంతా అయ్యాక, ట్యాంకు నింపి కాటా వేయించి, ఆర్సీలోని గ్రాస్ బరువులోంచి, అంటే లోడుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువులోంచి అది తీసేస్తే ఎంత మోయొచ్చో తేలుతుంది. బరువైన సరుకు వెనక ఇరుసుకు ముందువైపే పేర్చండి. ఇరుసు దాటి వెనక పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది. తొలి లోడుతో ఊరి చుట్టుపక్కలే ఒక యాభై కిలోమీటర్లు తిప్పి, బెల్టులు, మంచం బోల్టులు, బ్యాటరీ లగ్గులు అన్నీ మరోసారి బిగించి, అప్పుడు శ్రీశైలం ఘాటు ఎక్కించండి.

నమస్కారం.