పవర్ బటన్ ఏం చేయాలో మీరే చెప్పండి

సభకు నమస్కారం. ఇక్కడ బడుల్లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే టీచర్లున్నారు, జిరాక్స్, ఇంటర్నెట్ షాపులు నడిపేవాళ్లున్నారు, ఒకే ల్యాప్‌టాప్‌ని పిల్లలతో పంచుకునే తల్లిదండ్రులున్నారు. మనమంతా రోజూ నొక్కే పవర్ బటన్ గురించే ఈ పూట మాట్లాడతాను. అది నొక్కితే ఏం జరగాలో ఎవరో ముందే పెట్టి పంపించారు. అది మన అవసరానికి సరిపోతుందో లేదో చూసుకోవాల్సింది మనమే.

1990ల మొదట్లో డెస్క్‌టాప్‌లు వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పటి పవర్ బటన్ నిజంగానే స్విచ్. నొక్కితే మెయిన్స్ కరెంటు తెగిపోయేది. అందుకే విండోస్ 95లో షట్‌డౌన్ ఇచ్చాక, ఇక కంప్యూటర్ ఆపుకోవచ్చని తెరమీద నారింజ రంగు అక్షరాలు కనిపించేవి. చెయ్యి చాచి ఆపడం మన వంతు.

1995లో ఇంటెల్, మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ముఖ్యమైన సర్క్యూట్ బోర్డు), పవర్ సప్లై ఎలా ఉండాలో చెప్పే ఏటీఎక్స్ అనే నమూనా తెచ్చింది. అప్పుడే బటన్‌కూ మెయిన్స్‌కూ సంబంధం పోయింది. ఇప్పుడు బటన్ నుంచి రెండు సన్నని తీగలు మదర్‌బోర్డుకు వెళ్తాయి, నొక్కినప్పుడు అవి కలుస్తాయి, అంతే. ఆ నొక్కును గుర్తించడానికే, కంప్యూటర్ ఆగి ఉన్నా పవర్ సప్లై నుంచి 5 వోల్టుల కరెంటు కొద్దిగా వస్తూ ఉంటుంది. 1996 చివర్లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని విడుదల చేశాయి. దాని ప్రకారం, కంప్యూటర్ నడుస్తున్నప్పుడు బటన్ నొక్కితే ఆ కబురు విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెళ్తుంది. కాలింగ్ బెల్ నొక్కడం బయటివాళ్ల పని, తలుపు తీయాలో వద్దో తేల్చుకునేది ఇంట్లోవాళ్లు. ఇదీ అలాంటిదే.

నాలుగు సెకన్లకు పైగా నొక్కిపట్టుకోవడం మాత్రం వేరు. అప్పుడు విండోస్‌ను గానీ లినక్స్‌ను గానీ ఎవరూ అడగరు, హార్డ్‌వేరే పవర్ తీసేస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇంకాస్త ఎక్కువసేపు పట్టాలి. మెషీన్ పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు వాడుకోవాల్సిన దారి అది. మన ల్యాబుల్లో మాత్రం బెల్ కొట్టగానే పిల్లలు రోజూ అలాగే ఆపేస్తుంటారు, పెద్దవాళ్లం చూసి ఊరుకుంటాం. డిస్కుకు రాయాల్సిన సమాచారం ఆ క్షణానికి ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతుల్ని ఫైల్ సిస్టమ్‌లంటారు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 లాంటివి అమరికలో చేసే మార్పుల్ని జర్నల్ అనే చిట్టాలో రాసుకుంటాయి కాబట్టి డిస్కు అమరిక చాలావరకు నిలబడుతుంది. సేవ్ చేయని ప్రాజెక్టు రిపోర్టును ఏ జర్నలూ తిరిగి ఇవ్వదు.

ఇక విండోస్‌లో మన చేతిలో ఏముందో చూద్దాం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిస్తే, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే లింకు ఎడమ పక్కన ఉంటుంది. ఏమీ చేయకుండా ఉండటం, స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్, డిస్‌ప్లే ఆపడం, వీటిలో మీ మెషీన్‌కు కుదిరేవి కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఒకటి, ఛార్జర్ పెట్టినప్పుడు ఒకటి పెట్టుకోవచ్చు.

వీటిలో ఏది మంచిదంటే, మీ ఊళ్లో కరెంటు ఎలా ఉంటుందో ముందు చెప్పమంటాను. స్లీప్‌లో మీ పని అంతా ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ మెమరీలో ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికి కొద్దిగానైనా కరెంటు కావాలి. డెస్క్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టి భోజనానికి వెళ్లారు, ఈలోగా కరెంటు పోయింది, యూపీఎస్ లేదు. తెరిచి ఉంచినవన్నీ పోతాయి. హైబర్నేట్‌లో అదే సమాచారం డిస్కు మీదికి చేరాక మెషీన్ ఆగిపోతుంది. తర్వాత రోజంతా కరెంటు లేకపోయినా, వదిలిన చోటు నుంచే మొదలుపెట్టొచ్చు. స్లీప్ కన్నా నెమ్మదిగా లేస్తుంది, ర్యామ్ పెద్దదైతే డిస్కులో చోటు కూడా బాగానే తింటుంది. అయినా ఎండాకాలం కోతలుండే ఊళ్లలో, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు నేను హైబర్నేటే పెట్టమంటాను. రెండూ కలిపిన హైబ్రిడ్ స్లీప్ కొన్ని డెస్క్‌టాప్‌లలో ఉంటుంది. ర్యామ్‌లో ఉన్నది ఉండగానే డిస్కు మీద కూడా ఒక కాపీ పెడుతుంది. మీ దాంట్లో అది ఆన్‌లో ఉంటే స్లీప్‌తో టెన్షన్ లేదు.

ల్యాబ్ సంగతి వేరు. సీపీయూలు బల్ల కింద ఉంటాయి, పిల్లల కాళ్లు తగులుతాయి. అక్కడ ఏమీ చేయకుండా ఉండే సెట్టింగే పెట్టండి. అలా పెడితే మళ్లీ ఆన్ అవదేమో అని చాలామంది భయపడతారు. అవుతుంది. ఆగి ఉన్న మెషీన్‌ను లేపేది మదర్‌బోర్డు, ఈ సెట్టింగ్ దాని దాకా వెళ్లదు. అయితే సాయంత్రం ల్యాబ్ మూసేటప్పుడు ఒక్కో మెషీన్ దగ్గర మౌస్ పట్టుకోకుండా బటన్ నొక్కుకుంటూ వెళ్లిపోవాలనుకునే టీచర్లకు షట్‌డౌనే నయం. సేవ్ చేయని ఫైలు తెరిచి ఉంటే విండోస్ ఆగి, ఫలానా యాప్ అడ్డుగా ఉందని చూపిస్తుంది. అది చూశాక ఏం చేయాలో మీరు తేల్చుకోవచ్చు. పిల్లల కాళ్ల తాకిడి ఎక్కువా, సాయంత్రం హడావిడి ఎక్కువా అన్నది మీ ల్యాబ్‌ను బట్టే ఉంటుంది.

చాలా ల్యాప్‌టాప్‌లలో పవర్ బటన్ కీబోర్డులోనే, డిలీట్ కీ పక్కనే ఉంటోంది. టైపింగ్ పని చేసేవాళ్లకు ఇది పెద్ద ఇబ్బంది. డీటీపీ చేసేవాళ్లు తప్పకుండా ఆ బటన్‌కు ఏ పనీ పెట్టకుండా ఉంచుకోవాలి.

లినక్స్‌లో గ్నోమ్ అనే తెర (మౌస్‌తో వాడుకునే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్) ఉంటే సెట్టింగ్స్‌లో పవర్ విభాగంలోనే మార్చుకోవచ్చు. అలాంటి తెర లేని సర్వర్‌లో అయితే, లినక్స్‌ను వెనకనుంచి నడిపే సిస్టమ్‌డీలో లాగిన్‌డీ అనే భాగానికి ఉన్న కాన్ఫిగరేషన్ ఫైలులో హ్యాండిల్ పవర్ కీ అనే వరుస ఉంటుంది. ఏమీ మార్చకపోతే అది పవర్ ఆఫ్. ఇగ్నోర్ అని రాస్తే చెయ్యి తగిలినా సర్వర్ ఆగదు. ఆఫీసులో ఒక మూల పాత డెస్క్‌టాప్‌నే సర్వర్‌గా నడిపేవాళ్లు ఇది ఈ రోజే చేసుకోండి.

విండోస్‌లో పవర్ బటన్ పని ఎంచుకునే పేజీలోనే ఫాస్ట్ స్టార్టప్ టిక్కు ఉంటుంది. విండోస్ 8తో వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ ఇచ్చినా సిస్టమ్ లోపలి భాగం డిస్కు మీద భద్రమై, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. ప్రింటర్ డ్రైవర్ లాంటిది మొండికేస్తే షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా పోకపోవచ్చు, రీస్టార్ట్ ఇస్తే పోతుంది, కారణం ఇదే. ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లు ఆ టిక్కు తీసేయండి. లేదంటే లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో రాయడానికి వీలుపడకపోవచ్చు.

కరెంటు పోయి తిరిగి వచ్చాక కంప్యూటర్ తనంతట తాను లేవాలా, బటన్ నొక్కేదాకా ఆగాలా అన్నది మాత్రం విండోస్‌లో దొరకదు. చాలా డెస్క్‌టాప్‌లలో అది బయాస్‌లో (విండోస్ కన్నా ముందే లేచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాంలో), పవర్ సెట్టింగుల దగ్గర ఉంటుంది. ల్యాబుల్లో ఆగే ఉండాలని పెట్టండి, రాత్రి కరెంటు వచ్చినప్పుడు తాళం వేసిన గదిలో మెషీన్లన్నీ లేచి తెల్లారేదాకా నడవకుండా ఉంటాయి. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు పవర్ ఆప్షన్స్ తెరవండి, నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.