ముందు వెళ్ళినవాడి ఫోను

శ్రోతలకు నమస్కారం.

సొంత దేశంలోనే ఒక ప్రాంతం వదిలి ఇంకో ప్రాంతానికి జనం ఎందుకు వెళ్తారని అడిగితే, ఎక్కువమంది చెప్పే జవాబు పేదరికం. అదొక్కటే కారణమైతే అందరికంటే పేదవాళ్ళే అందరికంటే ముందు బయలుదేరాలి. చాలాచోట్ల అలా జరగదు. దారి ఖర్చులుండాలి, పని దొరికేదాకా తిండికుండాలి. అవీ లేనివాళ్ళు కరువొచ్చినా కదల్లేరు.

కదిలేవాళ్ళని కదిలించేది చాలాసార్లు ఒక ఫోను. "ఇక్కడ పనుంది, వచ్చెయ్. నా గదిలోనే సర్దుకుందాం." నగరంలో కూలి ఎక్కువని ఊరంతటికీ తెలుసు. ఫలానా మేస్త్రీ దగ్గర సోమవారం నుంచి పనుందని చెప్పగలిగేది మాత్రం అక్కడున్న బావమరిదే. ఒకే ఊరివాళ్ళు ఒకే వీధిలో, ఒకే పనిలో కనిపించేది అందుకే.

ఫోన్లు లేని రోజుల్లో ఆ పని ఉత్తరాలు చేశాయి. అమెరికాలో సుమారు 1916 నుంచి 1970 దాకా దక్షిణ రాష్ట్రాల నుంచి దాదాపు 60 లక్షలమంది నల్లజాతివాళ్ళు ఉత్తరాదికి, పడమటి రాష్ట్రాలకు తరలిపోయారు. ఫ్యాక్టరీ జీతాలు లాగిన మాట నిజమే. కానీ పత్తిచేల కౌలు అప్పులూ, నల్లవాళ్ళని తెల్లవాళ్ళనుంచి వేరుగా ఉంచే చట్టాలూ, ఏ రాత్రి ఏ గుంపు మీదపడుతుందోనన్న భయమూ వెనకనుంచి తోశాయి. ముందు వెళ్ళిన చుట్టాల ఉత్తరాలు దారి చూపాయి.

రావెన్‌స్టైన్ అనే పటాల నిపుణుడు 1885లో బ్రిటన్ జనాభా లెక్కలు ముందేసుకుని చూస్తే, ఎక్కువమంది దగ్గరి దూరాలకే వెళ్తున్నారు. స్వదేశంలో ఊళ్ళు మారడంలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళదే పైచేయి! వలస అంటే మనకు మూట భుజాన వేసుకున్న మగవాడే గుర్తొస్తాడు. మన 2011 జనాభా లెక్కల్లోనూ ఆడవాళ్ళ వలసకు అతి పెద్ద కారణం పెళ్ళి. అత్తారింటికి పోవడాన్ని వలసని ఎవరంటారు?

ఇంకో సంగతి. వెళ్ళేది ఒక్కరే అయినా నిర్ణయం ఇంటిల్లిపాదిదీ. వానని నమ్ముకున్న సేద్యముంటే, ఒక కొడుకు పొలంలో, ఇంకో కొడుకు నగరంలో. పంట పోయినా నెలనెలా డబ్బొస్తుంది. చదువుకో, వైద్యానికో వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

వెళ్ళినంత మాత్రాన అక్కడివాళ్ళయిపోరు. చైనాలో 1958 నుంచి హుకౌ అనే నివాస నమోదు ఉంది. నగరంలో ఏళ్ళతరబడి పనిచేస్తున్నా నమోదు పల్లెలోనే ఉంటే, పిల్లల్ని అక్కడి ప్రభుత్వ బడిలో వెయ్యడం కష్టం. అందుకే చాలామంది పిల్లలు తాత, నాయనమ్మల దగ్గరే పెరుగుతారు. అమ్మానాన్నలు కొత్త సంవత్సరం పండక్కి వస్తారు, సెలవు అయిపోగానే మళ్ళీ రైలెక్కుతారు.