ఊపిరి కండరానికీ కసరత్తు కావాలి

అందరికీ నమస్కారం.

మెట్లెక్కలేకపోతున్నాం, తల దువ్వుకోవడానికి చెయ్యి లేవట్లేదు అని మయోసైటిస్, అంటే కండరాలకు వాపు వచ్చే జబ్బు, ఉన్నవాళ్లు డాక్టరుకు చెబుతారు. ఊపిరి సంగతి మాత్రం ఎత్తరు. ఊపిరి పీల్చేదీ కండరమే, ఈ వాపు దానికీ తగులుతుందని తట్టదు.

నేను చూసిన ఒకావిడ డెర్మటోమయోసైటిస్ (చర్మానికీ పాకే మయోసైటిస్) నుంచి తేరుకుని వంట చేసుకునేదాకా వచ్చారు. ఒకరోజు ఫిజియోథెరపీ అయ్యాక గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "మూడు దిండ్లు లేనిదే పడుకోలేకపోతున్నానమ్మా" అన్నారు. కూర్చోబెట్టి ఒకసారి, వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి స్పైరోమెట్రీ, అంటే ఊదే గాలిని కొలిచే పరీక్ష, చేయించాం. పడుకోగానే ఊదే గాలి మూడో వంతు పడిపోయింది. ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా ఉండే డయాఫ్రం నీరసిస్తే ఇలాగే అవుతుంది. పడుకున్నప్పుడు పొట్టలోని పేగులూ కాలేయమూ దాన్ని పైకి తోస్తాయి. తిరిగి కిందికి నెట్టే సత్తువ దానికి ఉండదు.

ఆయాసమంతా కండరం వల్లే అనుకోకండి. ఈ జబ్బులో, ముఖ్యంగా రక్తపరీక్షలో యాంటీ జో-1 అనే యాంటీబాడీ పాజిటివ్ వచ్చినవాళ్లలో, ఊపిరితిత్తులే గట్టిపడొచ్చు. అది తేల్చుకోకుండా కసరత్తు మొదలుపెట్టొద్దు.

కోవిడ్ రోజుల్లో కొన్న మూడు బంతుల పరికరం చాలా ఇళ్లలో ఉంది. లోతుగా పీల్చడం నేర్పుతుంది, మంచిదే. కండరం మీద కొలిచిన బరువు మాత్రం పెట్టదు. మనకు కావలసింది స్ప్రింగు వాల్వు ఉన్నది. తగినంత గట్టిగా పీలిస్తేనే అది తెరుచుకుంటుంది. ముందు మీరు పీల్చే బలం కొలుస్తాం. అది 60 సెంటీమీటర్ల నీటి పీడనం అనుకోండి, అందులో 30 శాతం, అంటే 18 దగ్గర వాల్వును తిప్పి పెడతాం. ముక్కుకు క్లిప్పు, ఆగి ఆగి రోజుకు 30 ఊపిర్లు, వారానికి ఐదారు రోజులు, కనీసం ఆరు వారాలు.

ఒకప్పుడు కదిలితే వాపు పెరుగుతుందని విశ్రాంతే రాసేవారు. 1990ల నుంచి స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా వైద్య విశ్వవిద్యాలయం లాంటి చోట్ల జరిగిన అధ్యయనాలు ఆ భయం పోగొట్టాయి. అవి ఎక్కువగా కాళ్లూ చేతుల కసరత్తు మీద. ఊపిరి కండరాల మీద జరిగినవి కొద్ది, చిన్నవి. అందుకే నేను బరువు నెమ్మదిగా పెంచుతాను, జబ్బు రేగిన వారాల్లో ఆపేస్తాను.

ఇంటికెళ్లాక చెడుగుడు కూత పెట్టినట్టు ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టండి. 15 దాటలేకపోయినా, రోజూ పొద్దున్నే తలనొప్పితో లేస్తున్నా, పరికరం జోలికి పోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఆవిడ ఇప్పుడు ఒక్క దిండు మీద పడుకుంటున్నారు. అందులో మందుల పాలు ఎంతో కసరత్తు పాలు ఎంతో విడదీయలేను, రెండూ మానలేదు.

పరికరం ఇక్కడ బల్ల మీద ఉంది, వచ్చి చూడండి. నోట్లో పెట్టుకునే గొట్టాలు మాత్రం ఎవరివి వాళ్లవే. మీలో చాలామంది రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్నారు.