రెక్కల వెనుక ఏముంది: కంప్యూటర్ ఫ్యాన్ భాగాలు, రకాలు

సభకు నమస్కారం.

నా చేతిలో ఉన్నది 120 మిల్లీమీటర్ల మామూలు కంప్యూటర్ ఫ్యాన్. దీన్ని చూడగానే ఎవరి దృష్టి అయినా రెక్కల మీదికే పోతుంది. తయారీదారులు కూడా అక్కడే రంగుల దీపాలు అమర్చి ఆ దృష్టిని మరలనివ్వరు. అయితే ఫ్యాన్ ఎంతకాలం తిరుగుతుందో, ఎంత మోత చేస్తుందో తేల్చేవి చాలావరకు కంటికి కనబడని భాగాలే. ఈ రోజు నేను వాటి గురించే ఎక్కువగా మాట్లాడతాను.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. ఫ్యాన్ చల్లదనాన్ని పుట్టించదు. ప్రాసెసర్ వేడి హీట్‌సింక్‌లోని పలుచని లోహపు రేకుల్లోకి పాకుతుంది. ఆ రేకులను అంటుకుని ఉన్న వేడి గాలిని తరిమి, దాని చోటికి కొత్త గాలిని తేవడమే ఫ్యాన్ పని. అందుకే గదిలో 35 డిగ్రీల వేడి ఉన్నప్పుడు ఎంత గొప్ప ఫ్యాన్ బిగించినా హీట్‌సింక్ అంతకంటే చల్లబడదు.

కరెంటు లేనప్పుడు ఈ రెక్కలను వేలితో నెమ్మదిగా తిప్పి చూడండి. ఒక్కో చుట్టులో కొన్నిచోట్ల ఎవరో లోపలినుంచి పట్టి వదిలినట్టు చిన్న తడబాటు తగులుతుంది. రెక్కలన్నీ అతుక్కుని ఉండే నడిమి గిన్నె, అంటే హబ్, లోపలి అంచున అతికించిన ఉంగరం లాంటి అయస్కాంతం, మధ్యలో కదలకుండా ఉన్న ఇనుప దిమ్మను లాగడమే దానికి కారణం. ఆ దిమ్మ చుట్టూ రాగితీగ చుట్టలు, పక్కనే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటాయి. అయస్కాంతం ఏ స్థితిలో ఉందో బోర్డు మీది హాల్ సెన్సర్ గుర్తిస్తే, దాన్ని బట్టి చుట్టల్లో విద్యుత్తు దిశ మారుతూ రెక్కలు తిరుగుతాయి. తిరిగే భాగానికి రాసుకుంటూ విద్యుత్తు అందించే బ్రష్షులు ఈ మోటారులో లేవు కాబట్టి అవి అరిగిపోవడమన్న సమస్యే లేదు. ఇక ముఖ్యంగా అరిగేది, ఇరుసును పట్టి తిరగనిచ్చే బేరింగే.

స్లీవ్ బేరింగ్‌లో నూనె పీల్చుకున్న లోహపు గొట్టంలో ఇరుసు తిరుగుతుంది. అది చవకైనది, కొత్తలో నిశ్శబ్దంగానూ ఉంటుంది. కాని వేడికి నూనె ఆరేకొద్దీ, కంప్యూటర్ వేయగానే కాసేపు గరగరమని, వేడెక్కాక సద్దుమణిగే ఆ చప్పుడు మొదలవుతుంది. బాల్ బేరింగ్ వేడిని బాగా తట్టుకుంటుంది, దానికి తగ్గట్టు కొంచెం సన్నని రొద కూడా చేస్తుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్‌లో చెక్కిన సన్నని గాడులు, ఇరుసు తిరిగేటప్పుడు నూనెను ఒత్తిడితో నిలిపి, లోహానికీ లోహానికీ మధ్య పొరలా ఉంచుతాయి. ఇంట్లో పగలూ రాత్రీ పనిచేసే కంప్యూటరుకు నేనైతే దీన్నే ఎంచుకుంటాను. పెట్టెల మీద కనిపించే ఆర్భాటపు పేర్లలో కొన్ని, మెరుగుపరచిన స్లీవ్ బేరింగ్‌కు పెట్టిన ముద్దుపేర్లేనని గమనించాలి.

చట్రం గురించి రెండు మాటలు. రెక్కల కొసకూ చట్రానికీ మధ్య సందు ఎంత తక్కువైతే గాలి వెనక్కి జారడం అంత తగ్గుతుంది. మోటారును మోసే కమ్మీలు ఉన్న వైపుకే సాధారణంగా గాలి వెలువడుతుంది. బాణం గుర్తు లేని ఫ్యాన్ బిగించేటప్పుడు ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు.

రకాల విషయానికి వస్తే, ఇరుసు దిశలోనే గాలిని నెట్టేవి యాక్సియల్ ఫ్యాన్లు. ముఖం మీదుగా గాలిని పీల్చి, పక్కనుంచి లంబదిశలో విసిరేవి బ్లోయర్లు. సన్నని ల్యాప్‌టాప్‌లో చోటు లేక వాడేవి ఇవే. యాక్సియల్ ఫ్యాన్లలో కొన్నింటిని క్యాబినెట్‌లో ఆటంకం లేని చోట ఎక్కువ గాలి పారేటట్టు, మరికొన్నింటిని ద్రవంతో చల్లబరిచే ఏర్పాట్లలోని రేడియేటర్ల ఇరుకు సందుల్లోంచి గాలిని తోసేటట్టు రూపొందిస్తారు. పెట్టె మీది గరిష్ఠ గాలి పరిమాణం ఎదురు ఏమీ లేనప్పటిది. గరిష్ఠ పీడనం గాలి అసలే కదలనప్పటిది. కాబట్టి ఈ రెండు అంకెలూ ఒకేసారి మీకు దక్కవు. ఒకే ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగం, పీడనం నాలుగోవంతు, దానికి కావలసిన శక్తి ఎనిమిదోవంతు అవుతాయి. నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్, హోరెత్తే చిన్న ఫ్యాన్ కంటే మేలనడానికి మూలం ఇదే.

చివరిగా తీగలు. రెండు తీగలు విద్యుత్తుకు; మూడోది వేగం చెప్పేది; నాలుగోది సుమారు 25 కిలోహెర్ట్జ్ సంకేతంతో వేగాన్ని శాసించేది. మూడో తీగ మీద సాధారణంగా చుట్టుకు రెండు స్పందనలు వస్తాయి. అంటే నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఫ్యాన్ సెకనుకు 40 స్పందనలు పంపుతుంది. మదర్‌బోర్డుకు రెక్కలు కనబడవు, ఆ స్పందనలే తెలుస్తాయి. ఇదివరకు 1200 చుట్లు తిరిగిన ఫ్యాన్ అదే ఆదేశానికి ఇప్పుడు 1000 దగ్గరే ఆగిపోతుంటే, ముందు దుమ్ము దులపండి. అప్పటికీ వేగం పెరగకపోతే, బేరింగ్‌లో నూనె అయిపోతోందని అనుమానించాలి.